రెండోసారి కిరీటం

"నిజం రాయమంటారా మాస్టారూ, దయగా రాయమంటారా?" అని నాటకం అయిన రాత్రే వచ్చి అడిగింది హైమ. అడగడమే గానీ, జవాబు ఆమె వెంట తెచ్చుకునే వచ్చింది. చేతిలో ఉన్న రెండు కాగితాల నిండా నిజమే ఉందని ఆమె నమ్మకం.

ఈదర విశ్వపతి గారు ఏళ్ళ తరబడి ఒక వారపత్రికలో నాటకాల మీద సమీక్షలు రాస్తున్న మనిషి. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. తిరిగి ఇంకో ప్రశ్న వేసి, ఎదుటివాళ్ళు గింజుకుంటుంటే కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంటారు. ఈమధ్య ఆ కళ్ళజోడు ఎంత తుడిచినా లాభం లేకుండా పోయింది. రంగస్థలం మీద రంగులు కదలడం తప్ప మనుషులు కంటికి ఆనడం లేదు. అందుకే ఈసారి తన శీర్షికను శిష్యురాలి చేతిలో పెట్టారు. ఆ శీర్షిక అంటే మాటలు కాదు. నాటకాలు వేయించే కమిటీల వాళ్ళు అది చూశాకే నటులకు తాంబూలాలిచ్చి ఖాయం చేసుకుంటారు. అందులో ఒక్క చెడ్డ మాట పడితే ఆ ఏడాదంతా ఆ నటుడు ఇంట్లో కూర్చోవలసిందే. హైమ రాసుకొచ్చింది గోలి బసవాచారి గురించి. వయసు మళ్ళిన మనిషి, పద్యం తప్ప వేరే బతుకుతెరువు లేనివాడు.

నాటకంలో ఆయనది రాజు వేషం. చివరి ఘట్టంలో రాజు తమ్ముడికి రాజ్యం అప్పగించి అడవులకు పోతాడు. చెక్క కిరీటం తీసి పీట మీద పెట్టి పద్యం ఎత్తుకుంటాడు. పద్యం చివర రాగం ఎంత పొడుగు సాగితే జనానికి అంత సంబరం. 'వన్స్ మోర్' అని కేకలు పడతాయి. అప్పుడు రాజుగారు వదిలేసిన కిరీటాన్ని తీసుకుని మళ్ళీ నెత్తిన పెట్టుకుని, మళ్ళీ తీసి, రాజ్యాన్ని మళ్ళీ వదిలేసి, పద్యం మళ్ళీ పాడాలి. ఇది మన పద్యనాటకాల ఆనవాయితీ. ఇందులో నవ్వాల్సింది ఉందని మనలో ఎవరికీ తోచదు, నాకూ తోచలేదు.

ఆ సాయంత్రం కేకలు గట్టిగానే పడ్డాయి. కానీ బసవాచారి రెండోసారి రాగం తీయలేదు. పద్యాన్ని మామూలు గొంతుతో, మాటల్లాగా చెప్పి ఊరుకున్నాడు. జనం గొణుక్కుంటూ లేచారు. దాని మీద హైమ ఇలా రాసింది: "గొంతు పోయింది. పోయిన గొంతుతో అంతంత దూరాల నుంచి వచ్చినవాళ్ళను మోసం చేయడం కంటే, రంగు కడుక్కుని ఇంటికి పోవడం మర్యాద."

ఆమె చదవడం పూర్తిచేసేదాకా విశ్వపతి గారు కదలకుండా విన్నారు.

"బాగా రాశావమ్మా. ఆ చివరి మాట జనం నోళ్ళలో నానుతుంది. సరే గానీ, రెండోసారి పద్యం చెప్పేటప్పుడు కిరీటం ఎక్కడుంది?"

"కిరీటమా?"

"మొదటిసారి పీట మీద పెట్టినప్పుడు టక్కుమంది, విన్నాను. రెండోసారి ఆ చప్పుడు రాలేదు. నెత్తిన ఉంచుకునే చెప్పాడా? లేక అసలు మళ్ళీ పెట్టుకోనే లేదా?"

"అప్పుడు తల వంచుకుని రాసుకుంటున్నాను మాస్టారూ. ఆ రంగు కడుక్కోమన్న వాక్యం అప్పుడే తట్టింది. మర్చిపోతానేమోనని..."

"నిన్ను పరీక్షించడానికి అడగలేదమ్మా. నాకు తెలియకే అడిగాను. నాకు కనబడలేదు. పక్కన నువ్వున్నావు కదా, చూస్తున్నావులే అనుకున్నాను."

ఆయన నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే హైమకు అంత కష్టం అనిపించేది కాదు.

పత్రికకు పంపడానికి ఇంకా గడువుంది. మర్నాడు అదే నాటకం పొరుగూళ్ళో ఉందని తెలిసి, హైమ కాగితం, కలం లేకుండా ఒట్టి చేతులతో బయల్దేరి వెళ్ళింది. పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చుని, ఎవరూ అడగకుండానే కబుర్లు మొదలుపెట్టాడు.

"నిన్న ఈ బసవాచారి కిరీటం మళ్ళీ ముట్టుకోనే లేదంటమ్మా. వదిలేసింది వదిలేసినట్టే ఉంచి, ఒట్టి తలతో నిలబడి, తమ్ముడితో మాట్లాడినట్టు చెప్పాడంట. మా బావమరిది చూసొచ్చాడు. పాడలేదని నాటకం కుదిర్చిన కాంట్రాక్టరు నానా తిట్లూ తిట్టాడంట."

"మీ బావమరిది గారికి నచ్చిందాండీ?"

"వాడికా? సణుక్కుంటూనే వచ్చాడు. కానీ అన్నం దగ్గర కూర్చుని ఆ పద్యానికి అర్థం చెప్పడం మొదలెట్టాడు. ఇన్నేళ్ళుగా వింటున్నాడు, ఏనాడూ చెప్పింది లేదు."

చివరి ఘట్టం వచ్చింది. రాజు కిరీటం తీసి పెట్టాడు, పీట టక్కుమంది. పద్యం పాడాడు, కేకలు పడ్డాయి. బసవాచారి చెయ్యి కిరీటం వైపు వెళ్ళి, మధ్యలో ఆగింది. "పెట్టుకోవయ్యా!" అని తెర పక్కనుంచి కాంట్రాక్టరు కసిరాడు. రాజు కిరీటం పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. పీట మళ్ళీ టక్కుమంది. రెండోసారి రాగం సగంలో గొంతు జీరపోయింది, మిగతాది హార్మోనియం లాక్కొచ్చింది. జనం తృప్తిగా చప్పట్లు కొట్టారు. హైమకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. నిన్న తన ఎదురుగా, నాలుగు బారల దూరంలో ఒక రాజు నిజంగానే రాజ్యం వదిలేశాడు. తను అప్పుడు ఒక మంచి వాక్యం రాసుకుంటూ ఉంది. ఆ నిమిషం ఇక ఏ ఊళ్ళో ఎవరు వేయించినా తిరిగి రాదు. ఆమెకు ఏడుపొచ్చింది.

పొద్దున్నే కొత్త కాగితాలతో గురువుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. "మొన్న రాసింది చించేశాను మాస్టారూ. ఇది దయగా రాశాను," అని చదివింది. బసవాచారి అంతటి నటుడు ఈ సీమలోనే లేడని, రాగం మానేసి పద్యానికి ప్రాణం పోశాడని అందులో ఉంది.

"నిన్న జీరపోయిన గొంతు ఇందులో ఏదమ్మా?"

"అది రాస్తే ఆయనకు తాంబూలాలు రావండీ."

"మొన్న కిరీటం ముట్టుకోకపోవడం నువ్వు చూశావా?"

"లేదండీ. చూసినాయన బావగారు చెబితే విన్నాను." ఆ మాట తన చెవికే ఎలా వినబడిందో, హైమ తల దించుకుంది. కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "అయితే ఏం రాయమంటారు మాస్టారూ? నిజమా, దయా?" అని మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె దగ్గర జవాబు లేదు.

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. తుడవలేదు.

"మొన్న కిరీటం ఎక్కడుందని విన్నావో, నిన్న ఎక్కడుండగా చూశావో, ఆ రెండుసార్లూ నీ తల ఎక్కడుందో, ముందు అది రాయమ్మా. నీ ప్రశ్న సంగతి తర్వాత చూద్దాం."