కాలవ మీది బండ

లింగమూర్తి మాస్టారు కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. ఎంతటి ప్రశ్న వేసినా "సైకిలు తియ్యరా" అనేవారు. పల్నాటిలో పాత యుద్ధాలు జరిగిన నేలలన్నీ శిష్యుల చేత తొక్కించి మరీ చూపించిన మహానుభావుడు.

ఆ రోజు అడిగినవాడు తిరపతయ్య. వాడి అన్న ఏడుకొండలు సరిహద్దు యుద్ధంలో పోయాడు. కబురొచ్చింది గానీ శవం రాలేదు. ఏటా మహాలయ అమావాస్యకి తిరపతయ్య చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడడం, ఎక్కడ వదలాలో పాలుపోక మళ్లీ బిందెలో పొయ్యడం. పాపం, లోపల్లోపల కుమిలిపోతున్నాడు.

"శవం దొరకనివాడికి నీళ్లు ఎక్కడ వదలాలి మాస్టారూ?"

"సైకిలు తియ్యరా."

దారి తిరపతయ్య చేను మీదుగానే. అక్కడ పంటకాలవకి అడ్డంగా వాళ్ల తాతలు పరిచిన నల్లబండ ఒకటుంది. తిరపతయ్య దాని మీంచి దడదడా దాటేశాడు. మాస్టారు మాత్రం దిగి, పంచె ఎగగట్టి, సైకిలు భుజానికెత్తుకుని నీళ్లలోంచి నడిచొచ్చారు. ముసలాయన చాదస్తం అనుకున్నాడు తిరపతయ్య.

ఎండ చుర్రుమనే వేళకి ఒక మిరపచేను చేరారు. నడిమధ్యన ఒక వీరగల్లు, యుద్ధంలో పడ్డవాడికి గుర్తుగా నిలబెట్టిన రాయి, దాని మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ. పేరూ ఊరూ ఏమీ లేవు. చేనుగలావిడ సైదమ్మ దాన్ని కడిగి, పసుపు రాసి, నీళ్లు పోస్తోంది.

"మీ వంశంలోవాడా అమ్మా?" అన్నాడు తిరపతయ్య.

"మా వంశమా! మా ఊరి మీదికి దండెత్తి వచ్చినోడంట నాయనా."

తిరపతయ్యకి ఒళ్లు మండింది. తన అన్నని పొట్టన పెట్టుకున్నది ఇలాంటివాళ్లే గదా. "శత్రువుకి నీళ్లు పోస్తావా?"

"శత్రువే, ఎవరు కాదన్నారు? వీడెక్కడ పడ్డాడో వాళ్లమ్మకి తెలియదు గదయ్యా. మా చేలో పడ్డాడు. మేం గాక ఇంకెవరు పోస్తారు?"

ఏ మంచుకొండల్లో పడి ఉన్నాడో ఏడుకొండలు. "అన్నా!" అంటూ తిరపతయ్య ఆ చేలోనే పెద్దపెట్టున ఏడ్చాడు. మాస్టారు ఓదార్చలేదు. ఏడవనిచ్చారు.

తిరుగుదారిలో కాలవ దగ్గర మాస్టారు మళ్లీ పంచె ఎగగడుతున్నారు. తిరపతయ్య ఆ నల్లబండ మీదికి ఎక్కబోయి ఆగిపోయాడు. పొద్దున ఆయన దీన్ని ఎందుకు తొక్కలేదు? కాలవలోకి దిగి, వంగి, బండ అడుగున తడిమి చూశాడు. వేళ్లకి చెక్కిన కత్తి తగిలింది. దాన్ని పట్టుకున్న చెయ్యి తగిలింది.

"ఎవరు మాస్టారూ ఈయన?" అన్నాడు తిరపతయ్య, బండ కిందనుంచి చెయ్యి తియ్యకుండానే.

"ఎవరి అన్నో," అన్నారు మాస్టారు, నీళ్లలోకి దిగుతూ. "ఆ కొస పట్టు. ముందు లేపుదాం."