నాంచారి రాసుకున్న అర్జీ

అనగా అనగా, ఏరులు ఇంకా వంతెనలు ఎరగని రోజుల్లో, కువలయపురమనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో నాంచారి అనే అమ్మాయి బాతులు కాచుకుని బతికేది.

నాంచారికి పంతొమ్మిదేళ్లు. తల్లి ముఖం ఎరగదు. తండ్రి పిచ్చయ్య కిందటి వానాకాలంలో జ్వరంతో పోయాడు. ఇక మిగిలింది నూట యాభై బాతులు, రాత్రిపూట వాటి చుట్టూ కట్టే వల, ఒక మట్టికుండ.

బాతులు కాసేవారికి ఊరంటూ ఉండదు. కోత అయిన పొలంలో రాలిన గింజల్ని బాతులు ఏరుకు తింటాయి. గింజలు అయిపోగానే మంద మరో ఊరికి కదలాలి. పదిహేను రోజులకు మించి నాంచారి ఏ ఊళ్లోనూ ఆగలేదు. పగలంతా బాతులతోనే మాట్లాడేది. అవి ఒకసారి మెడ తిప్పి చూసి, మళ్లీ బురదలో ముక్కులు పెట్టేవి.

అయినా ఆ పిల్లకు చదవడం వచ్చు. ఆ రాజ్యంలో ప్రతి ఊరి పొలిమేరలోనూ రాజశాసనం చెక్కిన రాయి ఒకటి ఉండేది. తండ్రికి నాలుగు అక్షరాలు తెలుసు. ఆ నాలుగూ చెప్పాడు. మిగిలినవి దారినపోయేవారిని అడిగింది. ఒక రాయి మీద అర్థం కాని అక్షరం మరో రాయి మీద అర్థమయ్యేది. అలా పదేళ్లలో తను తిరిగే దారిలోని రాళ్లన్నీ చదివేసింది. చదవడానికి ఇంకేమీ మిగలలేదు. లోకంలో ఇంకా ఏమేమి రాసి ఉంటారో తెలుసుకోవాలని ఆమె మనసు కొట్టుకునేది.

ఒకనాడు సంత వీధిలో దండోరా వినిపించింది.

"వినండహో! గురువు దగ్గర చదవలేకపోయినవారికి, ఇంటి అండ లేనివారికి మహారాణిగారి విద్యాపీఠంలో ఈ ఏడు పన్నెండు చోట్లు! దీని పేరు చేయూత ప్రవేశం. చేరినవారికి బస, భోజనం, ఏడాదిపాటు వెంట ఉండి నేర్పే తోడు గురువు! ఇరవై నిండినవారు రాకూడదహో!"

ఇంకా చెప్పాడు. అర్జీ పెట్టేవారు మూడు పనులు చేయాలట. తన కథ తానే రాసి తేవాలి. మూడేళ్లుగా తనను ఎరిగిన ఒకరి మాట రాయించి తేవాలి. ఆపైన కులపతి ముందు నిలబడి అడిగినదానికి బదులు చెప్పాలి.

వచ్చే ఏటికి నాంచారికి ఇరవై నిండుతాయి. ఈ ఒక్కసారే.

ముందు ఆమె అర్జీ ఎలా రాయాలో అడుగుదామని సంతలోని లేఖకుడు శరభయ్య దగ్గరకు వెళ్లింది. అక్కడ అప్పటికే బారు తీరి ఉన్నారు జనం.

"నీ కథ నేను రాస్తాను. రెండు బాతులిస్తే చాలు," అన్నాడు శరభయ్య. "ఇలా మొదలుపెడతాను, విను. 'జ్ఞానమనే పాలసముద్రంలో ఈదగోరే రాజహంసను నేను.' ఎలా ఉంది? నువ్వు పండిత వంశంలో పుట్టి, కాలం కలిసిరాక బీదవైపోయావని రాద్దాం."

"నేను కాసేది బాతుల్నయ్యా, హంసల్ని కాదు. మా నాన్న పండితుడూ కాదు."

"నీ బాతుల గోల అక్కడెవరికి కావాలమ్మాయ్?"

"తన కథ తానే రాయాలన్నారు కదయ్యా," అని నాంచారి వచ్చేసింది.

చెరువు గట్టున కూర్చుని, తాటాకు మీద మూడు రోజులు రాసింది. ఉలితో చెక్కినట్టు అక్షరాలు విరిగి విరిగి వచ్చాయి. పుట్టిన చోటు తెలియదని రాసింది. రాళ్ల మీద చదువుకున్నానని రాసింది. రాసినది ఎవరికైనా చదివి వినిపిద్దామని అటూ ఇటూ చూసింది. గట్టు మీద ఎవరూ లేరు.

ఇక రెండో పని. తనను మూడేళ్లుగా ఎరిగినవారు ఎవరు? మందను తోలుకుంటూ, ఏటా తాము దిగే ఊళ్లకు బయలుదేరింది.

మొదటి ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని ఆమెను ఎగాదిగా చూశాడు. "బాతులు గుర్తున్నాయి. నువ్వు గుర్తులేవు," అన్నాడు.

రెండో ఊళ్లో ఏటా గుడ్లు తీసుకునే పేరిందేవమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "పిచ్చయ్య పోయాడా! పాపం, మంచివాడు," అని చేట పక్కన పెట్టింది. కాసేపటికి, "ఆయనకొక కూతురుందా?" అని అడిగింది.

నాంచారి మందను తోలుకుని కదిలింది. ఏటేటా ఆ ఇంటికి గుడ్ల బుట్ట మోసుకొచ్చింది తనే.

మూడో ఊళ్లో పెద్ద కాలువ తూము దగ్గర కాపలా ఉండే బయ్యన్న కనిపించాడు. ముసలివాడు. కాలువలో నీటి మట్టం రోజూ రాసిపెట్టే పని ఆయనది. నాంచారి సంగతంతా చెప్పింది. ఆయన నీటి మట్టం రాసే ఆకును పక్కన పెట్టాడు.

"మూడేళ్లుగా ఎరుగుదునని రాస్తే అబద్ధమవుతుందమ్మా. నిన్ను నేను చూసింది ఆరుసార్లు, అదీ మంద కాలువ దగ్గరకు వచ్చినప్పుడే. ఆ ఆరుసార్ల మాటే రాస్తాను. సరేనా?"

"సరే తాతా."

బయ్యన్న రాసింది ఇంతే: 'ఈ పిల్లను ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ మందను కాలువలో దింపే ముందు నన్ను అడిగింది. ఒకసారి కూడదన్నాను. బాతులు దాహంతో ఉన్నా, మారుమాట లేకుండా తోలుకుపోయింది. ఇంతకు మించి నాకు తెలియదు.'

"మందను నేను చూస్తాలే. నువ్వు పోయిరా," అన్నాడు.

నాంచారి నగరం దారి పట్టింది. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోయింది. ఇంత పెద్ద రాజ్యంలో తనను అందరికంటే ఎక్కువ ఎరిగినవాడు ఆరుసార్లు చూసిన మనిషి. దారి పక్కన కూర్చుని ఏడ్చింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నడిచింది.

విద్యాపీఠం ముంగిట నలభైమంది ఉన్నారు. ఒక్కొక్కరి వెంట తల్లో, మామో, అన్నో ఎవరో ఒకరు వచ్చారు. నాంచారి ఒక్కతే గోడవారగా నిలబడింది.

కులపతి భవనాథుడు అర్జీలు విప్పాడు. మొదటిది చదివాడు: "జ్ఞానమనే పాలసముద్రంలో ఈదగోరే రాజహంసను నేను." రెండోది విప్పాడు. అదీ రాజహంసే. మూడోదీ అంతే. అలా పంతొమ్మిది అర్జీలు తేలాయి.

"ఇన్ని హంసలకు మా కొలను చాలదు నాయనలారా," అన్నాడాయన. "ఇళ్లకు వెళ్లండి. మీ కథ మీరే రాసుకున్ననాడు రండి."

తరవాత నాంచారి అర్జీ వచ్చింది. పక్కనున్న సోమయాజి అనే పండితుడు దాన్ని చూసి నవ్వాడు.

"ఇవి నూరేళ్ల కిందటి అక్షరాలు! ఎవరు నేర్పారు నీకు?"

"పొలిమేర రాళ్లు, అయ్యగారూ."

సోమయాజి నవ్వు ఆగిపోయింది. ఆయన రెండో ఆకు తిప్పాడు. "కాని ఇది చెల్లదు. మూడేళ్లుగా ఎరిగినవారి మాట కావాలి. ఇందులో ఆరుసార్లని ఉంది."

నాంచారి తల దించుకుంది. "అంతకంటే ఎరిగినవాళ్లు నాకు లేరయ్యగారూ. ఉన్నారని రాయించలేకపోయాను."

కులపతి ఆ ఆకును తీసుకుని రెండుసార్లు చదివాడు. పక్కన పెట్టి, మిగిలినవారందరినీ ముందుకు పిలిచాడు.

"ఒక్కటే అడుగుతాను. ఇక్కడ చేరితే మీకేం కావాలి?"

"మీ ఆశీర్వాదం చాలు స్వామీ," అన్నాడొక యువకుడు.

"నాకు ఏ సాయమూ అక్కర్లేదు. అన్నీ నేనే నేర్చుకోగలను," అన్నాడు మరొకడు.

నాంచారి వంతు వచ్చింది. ఒక అడుగు ముందుకు వేసింది. తల ఎత్తి చెప్పింది.

"నాకు చాలా కావాలి స్వామీ. నేను నెమ్మదిగా చదువుతాను, పక్కన కూర్చునేవాళ్లు కావాలి. లెక్కలు రావు, మొదటినుంచి చెప్పేవాళ్లు కావాలి. నలుగురిలో ఎలా ఉండాలో నాకు తెలియదు. ఎవరూ పలకరించకపోతే నెల తిరక్కుండానే పారిపోతానేమోనని భయంగా ఉంది."

సభలో గుసగుసలు లేచాయి. "పారిపోతానని తానే చెబుతున్నదానికి చోటెందుకు?" అన్నాడు సోమయాజి. "పైగా నియమమూ తప్పింది."

భవనాథుడు బయ్యన్న రాసిన ఆకును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"సోమయాజిగారూ, ఏ సాయమూ అక్కర్లేనివారి కోసం మనకు పెద్ద వాకిలి ఉంది. ఈ వాకిలి తెరిచింది సాయం కావలసినవారి కోసం. అండ లేనివారు రండి అని చాటింపు వేయించి, మూడేళ్ల అండను చూపమన్నాం. తప్పు ఈ పిల్లది కాదు, మన నియమానిది. ఆ నియమం పెట్టింది నిజం తెలియడానికి. ఈ కాపలాదారు రాసిన నాలుగు ముక్కల్లో ఉన్నంత నిజం మిగతా వాటిలో నాకు కనపడలేదు."

సోమయాజి అర్జీని మరోసారి చూసి, మెల్లగా తలూపాడు. పన్నెండు పేర్లలో నాంచారి పేరు చేరింది. మందను బయ్యన్నకే ఇచ్చేసి, విద్యాపీఠంలో అడుగుపెట్టింది.

చోటు దొరికినంత మాత్రాన ఒంటరితనం పోలేదు. మొదటి పక్షమంతా భోజనశాలలో చివరి విస్తరి ముందు ఒంటరిగా తినేది. పాఠం సగం అర్థమయ్యేది కాదు. ఒక మధ్యాహ్నం మూట కట్టుకుని వాకిలి దాకా వచ్చింది. అక్కడ నిలబడి ఆలోచించింది. సభలో అంతమంది ముందు అడిగినదాన్ని, ఇప్పుడు ఒక్కరిని అడగలేనా అనుకుంది. వెనుదిరిగి తన తోడు గురువు వకుళాంబ గదికి వెళ్లింది.

"అక్కా, నాకు పాఠం అర్థం కావడం లేదు. ఒంటరిగా కూడా ఉంది."

వకుళాంబ ఆమె చేతిలోని మూటను చూసింది. దాని గురించి ఏమీ అడగలేదు. చాప పరిచి, "ఎక్కడ ఆగిపోయావో చూపించు," అంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఒకే ఆకు మీదకు వంగి చదివారు. తరవాత వకుళాంబ ఆమె చేయి పట్టుకుని భోజనశాలకు తీసుకువెళ్లి, నలుగురి మధ్య తన పక్కనే కూర్చోబెట్టుకుంది. మర్నాడు ఆ నలుగురిలో ఒక పిల్ల జరిగి, నాంచారికి చోటిచ్చింది.

పిల్లలూ, తనకు లేనిదాన్ని దాచకుండా చెప్పి సాయం అడగడం చిన్నతనం కాదు. చదువు మొదలయ్యేది అక్కడే.