కప్ప ఎముకలు పైకొచ్చిన ఏడు

ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండవచ్చు. అయినా చెప్పకుండా ఉండలేను.

సున్నపురాళ్ళ కొండలో ఒక గుహ. అందులో ఎత్తైన గట్టు మీద ఓబులవ్వ అనే ముసలి గుడ్లగూబ ఉండేది. ఆమె తల్లీ, అవ్వా, అంతకు ముందరివాళ్ళూ ఆ గట్టు మీదే కూర్చుని, తిన్నవాటి ఎముకలు ఉండలుగా కింద ఉమ్మేవారు. అవి ఏటికేడు పొరలుగా పేరుకున్నాయి. కప్ప ఎముకలు నిండిన పొర మంచి వానలు పడిన ఏడుది. మెట్ట ఎలుకల ఎముకలే ఉన్న పొర కరువుది. పైపైకి కప్పలు తగ్గుతూ వస్తే కరువు దగ్గరపడినట్టు. ఏటా ఎండలు ముదరకముందే కుందేళ్ళు వచ్చి అడిగేవి. అవ్వ ఉండమంటే ఉండేవి, పొమ్మంటే కొండ దాటేవి.

పై పొరల్లో కప్పలు తగ్గడం చూసి ఆ ఏడు పొమ్మనాలని ఓబులవ్వ అనుకుంది. ఆ సంగతి మద్దిలేటి అనే నక్క చెవిన పడింది. కుందేళ్ళు పోతే దాని కడుపు మాడినట్టే. అవ్వ వేటకు పోయిన సందు చూసి కుప్పను తవ్వి, అడుగున ఉన్న కప్ప ఎముకలను పైకి తోసింది.

సుంకులు అనే పెద్ద కుందేలు రాగానే ఓబులవ్వ కిందికి దిగి చూసి తెల్లబోయింది.

"ఇన్ని కప్పలు నేనెప్పుడు తిన్నాను?"

"పోయిన వానల్లో రోజూ తెచ్చుకుంటివి కదవ్వా," అంది మద్దిలేటి, గుహ వాకిట నిలబడి. "మొన్న నీ మనవరాలి పేరే మరిచిపోతివి, ఇంక కప్పలు యాడ గుర్తుంటాయి?"

పేరు మరిచిపోయిన మాట నిజమే. ఎముకలు మాత్రం పచ్చబారి ఉన్నాయి. కొత్తవైతే తెల్లగా ఉండాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. తప్పు చెబితే నవ్వుతారేమోనని మింగేసింది.

"పిల్లలు చిన్నవి, దారి దూరం. ఏం చెయ్యమంటావవ్వా?" అంది సుంకులు.

"ఉండండమ్మా. వానలొస్తాయి."

వానలు రాలేదు. మడుగు ఎండింది. సుంకులు పిల్లల్లో ఐదింటిని నక్క తింది, రెండు దప్పికతో పోయాయి. సుంకులు వచ్చి గుహ ముందు కూర్చుంది. ఓబులవ్వ ఆ మొహం చూడలేక కిందికి దిగి కుప్పంతా వెతికింది. అప్పుడు కనబడ్డాయి, మట్టిలో నక్క గోళ్ళ గీతలు.

కొన్నాళ్ళకు మద్దిలేటి నాలుక వేలాడేసుకుని వచ్చింది.

"అవ్వా, నీళ్ళు యాడుంటాయో చెప్పు."

"పాత కరువు పొరలో ఎండ్రకాయ డొప్పలుంటే అప్పుడు పడమటి వాగు ఎండనట్టు. నీటి జమ్ములో తిరిగే చుంచెలుక ఎముకలుంటే తూర్పు లోయ ఎండనట్టు."

"ఏమున్నాయి మరి?"

"రెండూ ఉన్నాయి. ఏది ఏ పొరదో తెలీకుండా కలిపేసినావు కదరా."

"నీకైనా గుర్తులేదా?"

"గుర్తుండదనే కదా నాయనా, ఆ కుప్పను నమ్ముకుంది."

ఎగిరి చూసొచ్చే సత్తువ అవ్వకు లేదు. నక్కకు ఒక్క దిక్కుకు నడిచే ఓపికే మిగిలింది. పడమరకు పోయింది. వాగులో ఇసుకే ఉంది. అక్కడే పడిపోయింది.

సాక్ష్యం చెరిపినవాడికే చివరికి ఆ సాక్ష్యం కావలసి వస్తుంది.

తమ్ముడూ ఆదిశేషయ్యా, అమ్మ ఈ కథ నీకూ చెప్పింది కదా. నక్క పేరు మద్దిలేటో కాదో, కుందేలు సుంకులో మరొకటో, ఒకసారి సరిచూడు.