పలకని శకటు

చదరంగం గురించి ఎవరేమడిగినా పేరయ్యశాస్త్రి గారు బల్ల పరిచి జవాబు చెప్పేవారు కారు. కండువా భుజాన వేసుకుని "పద" అనేవారు. ఆ "పద" ఎక్కడికి తీసుకువెళుతుందో పరమేశ్వరుడికే ఎరుక.

ఆయన శిష్యుడు యజ్ఞనారాయణ అష్టావధానానికి సిద్ధమవుతున్నాడు. మీకు తెలియనిదేముంది, ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే ఒక్క మనసుతో అందరికీ బదులు చెప్పాలి. అందులో ఒకరు చదరంగం ఆడతారు. బల్ల వైపు చూడకుండా మనం ఆడాలి. యజ్ఞానికి పద్యాలు ధారగా వచ్చేవి. చదరంగం దగ్గరే చెదిరిపోయేవాడు. అభ్యాసం కోసం పెట్టుకున్న చిన్న సభలో ఎదుటివారి శకటు ఒకటి పది ఎత్తులుగా మూలన కదలకుండా కూర్చుంది. యజ్ఞం దాని సంగతే మరిచి, తన మంత్రిని తీసుకువెళ్ళి దాని దారిలో నిలబెట్టాడు. శకటు ఐమూలగా వచ్చి మంత్రిని ఎత్తుకుపోయింది. సభంతా ఘొల్లుమంది. అసలు అవధానానికి ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

"గురువుగారూ, అరవైనాలుగు గళ్ళూ జపంలా వల్లిస్తున్నాను. కళ్ళు మూసుకుంటే నాలుగెత్తులు నిలుస్తాయి, ఆ పైన చెరిగిపోతాయి. బల్లంతా మనసులో నిలవాలంటే ఏం చెయ్యాలి? ఈసారీ తప్పితే నేనిక అవధానం ఊసెత్తను," అన్నాడు యజ్ఞం.

"పద," అన్నారు శాస్త్రిగారు.

ఆ వేళ ద్వాదశి. గోదావరి గట్టు మీది సత్రంలో, ఏకాదశి ఉపవాసమున్న వాళ్ళకి పారణ భోజనాలు. ఎదురెదురుగా రెండు వరుసల విస్తళ్ళు. వంటింటి గుమ్మం పక్కన పీట మీద సూరాంబ గారు. ఆవిడకు చూపు పోయి పదేళ్ళయింది. అయినా ఇప్పటికీ వడ్డన నడిపేది ఆవిడే.

గురువుగారు శిష్యుణ్ణి ఆవిడ పక్కన, వరుసలకు వీపు పెట్టి కూర్చోబెట్టారు. "ఎవరి విస్తట్లో ఏముందో చెబుతూ ఉండు."

యజ్ఞం తెలివైనవాడు. కూర్చునే ముందే రెండు వరుసలూ ఒక్కసారి చూసి పట్టేశాడు. పప్పు దాకా తప్పు పోలేదు. ఇంతలో ఆలస్యంగా వచ్చిన వాళ్ళకి చోటివ్వడానికి నలుగురు జరిగారు. అంతే, కూర ఎవరిదో, పచ్చడి ఎవరిదో, అంతా కలగాపులగమైపోయింది.

సూరాంబ గారికి మాత్రం ఏమీ తారుమారు కాలేదు. వడ్డించే కుర్రాణ్ణి కేకేసింది. "ఒరే కొండా, కుడి వరుసలో పళ్ళులేనాయన ఇప్పుడు అయిదో చోటుకి జరిగాడు, కూర మెత్తటిది చూసి వెయ్యి. నెయ్యి ఆ చివర ఆగిపోయిందేం? వాళ్ళేం పాపం చేశార్రా?"

"ఇన్ని విస్తళ్ళు ఎలా గుర్తుంటాయి మామ్మగారూ?" అన్నాడు యజ్ఞం.

"విస్తళ్ళెవరిక్కావాలి నాయనా! మనుషులు గుర్తుంటారు గానీ. పళ్ళులేనాయన ఎటు జరిగితే మెత్తటి కూర అటు జరుగుతుంది." అంటూనే ఆవిడ చెయ్యెత్తింది. "ఆగండి. ఎడమ వరుసలో ఆరో చోట ఎవరో తినడం లేదు."

"అందరూ తింటూనే ఉన్నారు మామ్మగారూ," అన్నాడు కొండ.

"వెళ్ళి చూడరా."

చూశారు. ఊరికి కొత్తగా వచ్చిన ఒక ముసలాయన. విస్తట్లో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. వణికే కుడిచేతిని ఒళ్ళో దాచుకుని, తలవంచుకు కూర్చున్నాడు. పేరయ్యశాస్త్రి గారు వెళ్ళి పక్కన చతికిలబడి, పప్పన్నం కలిపి ముద్దలు చేసి ఆయన అరచేతిలో పెట్టారు.

అయ్యలారా, అమ్మలారా, ఆ వరుసలో ఏడో విస్తరి నాది. రెండు కళ్ళూ ఉన్నవాణ్ణి, పులిహోర ధ్యాసలో పక్కమనిషిని చూడలేదు. చూపులేని తల్లికి గుమ్మం పక్కనుంచి కనిపించాడు! ఇక నాకు ముద్ద దిగితే ఒట్టు.

"ఎలా తెలిసింది మామ్మగారూ?" అని అడిగాడు యజ్ఞం.

"అక్కణ్ణించి 'వెయ్యి' అనలేదు, 'చాలు' అనలేదు. గోలచేసే వాళ్ళని ఎవరైనా చూస్తారు నాయనా."

ఇంటికొచ్చాక యజ్ఞం గళ్ళు వల్లించడం మానేశాడు.

ఎనిమిదో నాటి సభలో చదరంగానికి కూర్చున్నవారు ప్లీడరు జోగారావు గారు. ఆయనా ఒక శకటును మూలన దాచి, ఓపిగ్గా కాచుకున్నారు. పద్యం మూడో పాదం ముగించి, యజ్ఞం చటుక్కున ఆగాడు. దూరాన ఎవరో పిలుస్తారేమోనని చెవి ఒగ్గినట్టు కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యా, మూలనున్న మీ శకటు చాలాసేపటినుంచి పలకడం లేదు. ముందు దాని సంగతి చూసి, నాలుగో పాదం తర్వాత చెబుతాను," అని గుర్రాన్ని దాని దారికి అడ్డం వేయించాడు.

జోగారావు గారు బల్ల మీదినుంచి చెయ్యి తీసి, నిండు సభలో ఆ కుర్రవాడికి నమస్కరించారు.

సభ ముగిశాక ఆయనే శాస్త్రిగారి దగ్గరకొచ్చారు. "అరవైనాలుగు గళ్ళూ అలా ఎలా కనిపిస్తాయండీ మీవాడికి?"

పేరయ్యశాస్త్రి గారు కండువా భుజాన వేసుకున్నారు. "గళ్ళెక్కడ చూశాడండీ, వడ్డన చేశాడు."