ఋతంభరుడు అడిగిన మాట

పూర్వం త్రేతాయుగారంభంలో, హేమకూట పర్వతపు దక్షిణ సానువున, క్షీరవాహినీ నదీతీరంలో ఋతంభరుడనే మహర్షి పర్ణశాలలు కట్టుకుని, శిష్యులతోనూ వృద్ధ మునులతోనూ కూడి తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. బాల్యం నుండీ అసత్యమెరుగని ఆ తపోధనుడికి వాగ్దేవి వాక్సిద్ధిని ప్రసాదించింది. ఆయన నోట వెలువడిన మాట జరిగి తీరుతుంది. ఆ వరమే ఆయనకు భయమైంది. ఒకనాడు విసుగులో అన్న చిన్న మాటకు పూలతీగ ఒకటి కళ్ళ ముందే మాడిపోగా చూసినది మొదలు, ఆ మహాత్ముడు ప్రతి మాటనూ నాలుక మీదే ఆపుకుని, చాలావరకు మింగేసేవాడు. చావు అన్న శబ్దాన్ని ఆ ఆశ్రమంలో ఎవరూ పలికేవారు కారు.

ఆయన శిష్యులలో శ్వేతపర్ణుడు, నీలపర్ణుడు అనే అన్నదమ్ములు ఒకే పర్ణశాలలో ఉంటూ ఒకే అగ్నిని ఆరాధించేవారు. ఒక వర్షాకాలంలో సమిధల కోసం వెళ్ళిన వారు నది దాటుతూ ఉండగా వరద ముంచుకొచ్చి తమ్ముణ్ణి లాక్కుపోయింది. అన్న ఒక్కడే ఒడ్డు చేరాడు. మహర్షి అతణ్ణి చేరదీసి ఆత్మ నిత్యమనీ, దేహం వస్త్రం వంటిదనీ బోధించాడు. శ్వేతపర్ణుడు చేతులు జోడించి విన్నాడు. ఆపైన అతడు ఏడవడం ఎవరూ చూడలేదు. దుఃఖం తీరిందని అందరూ సంతోషించారు.

హేమంతం రాగానే ఒక మధ్యాహ్నం అతడు ప్రసన్నమైన ముఖంతో వచ్చి, తన దర్భాసనాన్ని ఒకరికీ, కమండలాన్ని మరొకరికీ ఇచ్చి, పెంచుకుంటున్న లేడిని వృద్ధుడైన కుండిక మునికి అప్పగించి, "గురుదేవా, ఉత్తర దిక్కుకు వెళ్తున్నాను. సెలవిప్పించండి" అని సాష్టాంగపడ్డాడు.

"ఆహా, ఏమి వైరాగ్యం!" అన్నాడు కుండికుడు. "ఈ చిల్లు కమండలాన్ని వదలడానికే నాకు చేతులు రావడం లేదు. ఈ కుర్రవాణ్ణి చూసి సిగ్గుపడాలయ్యా మనం!"

మునులు నవ్వుతూ పూలు చల్లారు. మహర్షి చేయెత్తి, "నాయనా, నీ సంకల్పం నెరవేరుగాక!" అని దీవించాడు.

అతడు వెళ్ళిన కొంతసేపటికి, గురుపత్ని శుచివ్రతాదేవి పొయ్యి రాజేయడానికి నిప్పు కోసం శ్వేతపర్ణుడి పర్ణశాలకు వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

"స్వామీ, ఒక్కసారి వచ్చి చూడండి."

హోమకుండంలో బూడిద తడిసి ముద్దై ఉంది. అంచున నల్లటి నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"సన్యసించేవాడు అగ్నిని తనలోకి ఆవాహన చేసుకుని వెళ్తాడు గదా. ఇలా నీళ్ళు పోసి ఆర్పుతాడా?" అందామె.

మహర్షికి ఆ ప్రసన్న ముఖం, ఆ పంపకాలు, తిరిగి వస్తానన్న మాటే లేని ఆ సెలవు, అన్నీ ఇప్పుడు ఒక్కటిగా కనబడ్డాయి. ఏ సంకల్పాన్ని నెరవేరమని తాను దీవించాడు?

"దేవీ, నాకు అర్థమైంది. కానీ ఎలా అడగను? ఆ మాట నా నోట వస్తే, అదే నిజమైపోతే?"

"అడక్కపోతే మీరిచ్చిన దీవెన నిజమవుతుంది. ఇన్నేళ్ళూ మాటకు భయపడుతూ వచ్చారు. ఇవాళ ఊరుకోవడానికి భయపడండి. మీరు ముందు నడవండి. నేను అందరినీ పిలుచుకుని వస్తాను."

ఋతంభరుడు ఉత్తరపు బాట పట్టి, ముళ్ళకు జింకచర్మం చిరుగుతున్నా ఆగక, వగర్చుతూ దేవదారువనం ప్రవేశించాడు. అక్కడ పక్షులు కూయడం లేదు. సాయంకాలపు ఎండ ఉండగానే గాలి చల్లబడింది. ఎక్కడో మెడగంట ఒకటి తాపీగా మోగింది. మలుపు తిరగగానే, మహిషాన్ని ఆనుకుని, పాశం చేతబట్టి దక్షిణ దిక్పాలకుడైన యమధర్మరాజు నిలబడి ఉన్నాడు.

"మహర్షీ, నీ శిష్యుడికి ఇంకా చాలా ఆయువుంది. నేను రావలసినవాణ్ణి కాను. నీ మాట పిలిచింది, వచ్చాను."

మహర్షి చేతులు జోడించాడు. "వైవస్వతా, ఆ దీవెనను వెనక్కి తీసుకోలేనా?"

"తీసుకోలేవు. అయితే సంకల్పం అతనిది. అది మారితే నీ దీవెనా దాని వెంటే పోతుంది. నేను ఇక్కడే ఉంటాను."

కొద్ది దూరంలో శ్వేతపర్ణుడు బండమీద కూర్చుని ఉన్నాడు. మహర్షి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. డొంకతిరుగుడు మాటలెన్నో నోటికి వచ్చాయి. వాటినన్నిటినీ వదిలేసి, కళ్ళు మూసుకుని అడిగాడు.

"నాయనా, చనిపోవాలనుకుంటున్నావా?"

పిడుగు పడుతుందనుకున్నాడు. పడలేదు. వెనక గంట మోగుతుందని వణికాడు. మోగలేదు. ఒక దీర్ఘమైన ఊపిరి మాత్రం వినిపించింది.

"అవును గురుదేవా." శ్వేతపర్ణుడు ఆయన వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు."

మహర్షి పెదవులపైకి శ్లోకం ఒకటి వచ్చింది. దానిని మింగి, "నీలుడి గురించి చెప్పు" అన్నాడు.

"వాడి చేయి పట్టుకున్నది నేనే. జారింది నా చేతిలోంచే. ఆ వేళ కూడా మోపు నెత్తిన పెట్టుకుని సామం పాడుతున్నాడు. స్వరం తప్పిందిరా అంటే, 'నా పాట వింటే ఇంద్రుడు హవిస్సు వదిలేసి పారిపోతాడన్నా!' అని నవ్వాడు. ఆ నవ్వుతోనే..." అతడు వెక్కి వెక్కి ఏడ్చాడు. మహర్షి ఆపలేదు. అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని విన్నాడు.

"నేను అందరికీ బరువు, గురుదేవా."

"నా మాట అబద్ధం కాదని నీకు తెలుసు గదా. విను. నీవు నాకు బరువు కావు. నీ ఏడుపూ బరువు కాదు."

ఇంతలో శుచివ్రతాదేవి నిప్పుకుండ పట్టుకుని, మునులందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. కుండికుడు రొప్పుతూ లేడిని ముందుకు తోశాడు. "నాయనా, నా నారచీర సగం నమిలేసింది ఇది! నీ ప్రాణిని నీవే చూసుకో. నా వల్ల కాదు."

శ్వేతపర్ణుడు కన్నీళ్ళ మధ్య లేడి మెడమీద చేయి వేశాడు. "రేపటి సంగతి చెప్పలేను. ఈ పూటకు మీతో వస్తాను."

"ఈ పూట చాలు నాయనా. రేపు మళ్ళీ అడుగుతాను" అన్నాడు మహర్షి.

అప్పుడు ధర్మరాజు పాశాన్ని చుట్టి భుజాన వేసుకుని, ఇలా పలికాడు: "ఋతంభరా, నీ దీవెన వృథా పోలేదు. మారిన అతని సంకల్పమే నెరవేరుతోంది. ఇదిగో నా వరం. దుఃఖంలో ఉన్నవాణ్ణి ప్రేమతో ఈ మాట అడిగే నోటికి ఏ దోషమూ అంటదు. ఆ మాట నన్ను పిలవదు."

గంట చప్పుడు దక్షిణానికి సాగి, క్రమంగా వినబడకుండా పోయింది. దేవదారులలో పక్షులు మళ్ళీ కూశాయి.

గురుపత్ని తెచ్చిన నిప్పుతో శ్వేతపర్ణుడి కుండంలో అగ్ని తిరిగి వెలిగింది. అతని దుఃఖం ఒక్కసారిగా పోలేదు. కొన్నాళ్ళు మునులు వంతులవారీగా అతని పర్ణశాలలోనే పడుకునేవారు. రోజూ సంధ్యవార్చగానే మహర్షి వచ్చి పక్కన కూర్చుని అడిగేవాడు. అతడు ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

ఈ కథను శ్రద్ధగా విన్నవారికి స్వర్గభోగాల సంగతి ఏమో గాని, తమ ఇంట ఎవరి నిప్పు తడిసిందో చూసే కన్నూ, వెళ్ళి పక్కన కూర్చుని అడిగే ధైర్యమూ కలుగుగాక.