వడ్డించిన విస్తట్లో చెయ్యి పెట్టిన కిటికీ

ఒకప్పుడు కంప్యూటరు తెర మీది కిటికీలకు మర్యాద తెలియదు. కొత్త కిటికీ ఏది తెరుచుకున్నా కర్సరనే నిలువుగీత పరుగెత్తి దాని ఒళ్లో కూర్చునేది. గీత ఎక్కడుంటే అక్షరాలు అక్కడే పడతాయి కదా.

ఒకరోజు వకుళ రాతకిటికీలో తమ ఇంటి పెద్దల పేర్లు ఎక్కిస్తోంది. మగవాళ్ల పేర్లకేం, తర్పణాల్లో పలుకుతూనే ఉంటారు. ఆడవాళ్ల పేర్లు మాత్రం మేనత్త చెల్లాయమ్మ నోట్లోనే ఉన్నాయి. అవీ వరసగా చెబితేనే వస్తాయి.

"మా అమ్మ కనకవల్లి. ఆవిడ అత్తగారు నరసాంబ. ఆవిడ అత్తగారు..."

వకుళ తల వంచుకుని మీటలు చూస్తూ కొడుతోంది. ఇంతలో ఊరూరి వాన కబుర్లు చెప్పే వానకిటికీ ఠపీమని తెరుచుకుంది. గీత అందులోకి దూకింది. చెల్లాయమ్మ తర్వాత చెప్పిన రెండు పేర్లూ అందులోనే పడ్డాయి, ఒకదాని మీద ఒకటి.

"పిలిచేదాకా ఆగడం నాకు చేతకాదు" అంది వానకిటికీ.

"ఎంత వినయమో" అంది రాతకిటికీ.

వకుళ తలెత్తింది. నరసాంబ తర్వాత ఖాళీ. పక్కన వానకిటికీలో మాత్రం పెద్ద అక్షరాలు: 'వెంకమాంబలో రేపు చిరుజల్లులు.'

"అత్తా, వెంకమాంబగారు ఊరైపోయింది. ఆవిడకు ముందు చెప్పిన పేరేమిటి?"

"ముందా? ఏమోనే, జారిపోయింది." ఆవిడ మొహం చిన్నబోయింది. తర్వాత మెల్లగా తెరవైపు తిరిగింది. "ఏమ్మా, అంత తొందరేం వచ్చింది?"

"అర్జంటు కబురు పిన్నిగారూ. రేపు చినుకు పడొచ్చు. పడకపోనూవచ్చు."

"అబ్బో, చెప్పకపోతే ఏమైపోయేవాళ్లమో. మా ఇంట్లో పంక్తి సాగుతుంటే వచ్చినవాళ్లు గడప దగ్గర ఆగుతారమ్మా. ఒకరికి వడ్డించిన విస్తట్లో చెయ్యి పెట్టరు. నీకు ఆకలెక్కువ కాబోలు, మా పెద్దావిడనే మింగేశావు."

వానకిటికీ తల దించుకుంది.

"నువ్వేం తక్కువా?" అంది ఆవిడ గీతతో. "ఎవరొస్తే వాళ్ల వెంట పోవడమేనా?"

"కొత్తవాళ్లు కదా అని..."

"రాసే మనిషి పంపితేనే వెళ్లు. అందాకా ఉన్నచోటే ఉన్నానని కన్నార్పుతూ ఉండు, మాకు తెలుస్తుంది."

చెల్లాయమ్మ దండం పెట్టుకుని మొదటినుంచి అందుకుంది. "కనకవల్లి. నరసాంబ. ఆవిడ అత్తగారు..." వానకిటికీకి మళ్లీ ఏదో కబురు తోచింది. కానీ కదల్లేదు. "...పేరిందేవి."

పేరిందేవి తన చోట తాను కూర్చుంది. ఆవిడ వెనకే వెంకమాంబ.

అప్పటినుంచే కొత్త కిటికీలు తెర అడుగున గడప దగ్గర మినుకుమంటూ నిలబడతాయి, మనం తాకి రమ్మంటేనే లోపలికొస్తాయి. గీతేమో ఉన్నచోటే కన్నార్పుతూ ఉంటుంది, అత్తగారు చూస్తున్నట్టే.