పైడమ్మ రబ్బరు ముక్క

అనగనగా, ఇంట్లో సైకిలుంటే షావుకారు కింద లెక్కవేసే రోజుల్లో, ఒక ఏటిపాయ ఒడ్డున పైడమ్మ పంక్చర్లు వేసుకుని బతికేది. అవతలి ఒడ్డున, కాస్త దిగువన, ఆమె చెల్లెలు నూకాలు ఉండేది. తల్లి వదిలిన ఒక్కగానొక్క ఆవు దగ్గర మాటామాటా పెరిగి, ఈ జన్మలో నీ ఒడ్డున కాలు పెట్టనని ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు. ఆవు పోయి ఏళ్లయింది. ఒట్టు మాత్రం నిక్షేపంలా ఉంది. దాన్ని తీసి గట్టున పెట్టమని చెప్పీ చెప్పీ ఊరివాళ్లు అలిసిపోయారు.

అయినా ఏటా పోలి పాడ్యమికి పైడమ్మ అరటి దొప్పలో దీపం పెట్టి వదిలేది. ఏరు దాన్ని చెల్లెలి రేవుకు చేర్చేది. అక్క తలుచుకుందని చెల్లెలికి తెలిసేది.

ఒక ఏడు నూకాలు మంచం పట్టింది. అక్క దీపం వచ్చిందా అని రోజూ అడుగుతోందని కబురొచ్చింది. ఆ ఏడే మరమ్మతులని ఎగువన లాకులు మూసేశారు. నీళ్లు కదలకుండా నిలబడ్డాయి.

పైడమ్మ దీపం పెట్టడానికి బూరుగు చెక్కతో చిన్న పడవ చెక్కింది. పట్నంవాళ్లెవరో పారేసిన పాడైన టేపురికార్డరులోంచి మోటారు, బ్యాటరీలు తీసింది. సైకిలు చువ్వ చివర రేకు రెక్కలు బిగించింది. ఇక మోటారునీ చువ్వనీ కలపాలి.

మొదట దారం చుట్టింది. మోటారు తిరిగింది, చువ్వ తిరగలేదు. దీపం కదల్లేదు. పైడమ్మ వదల్లేదు.

తర్వాత సీసం పోసి అతికించింది. రెండూ వెంట్రుకవాసి వంకరగా కలిశాయి. పడవంతా గడగడ వణికి అతుకు ఊడింది. దీపం కదల్లేదు. పైడమ్మ వదల్లేదు.

మూడోసారి, సైకిలు వాల్వుకి తొడిగే రబ్బరు గొట్టం ముక్క కత్తిరించి, ఒక కొస మోటారుకి, ఒక కొస చువ్వకి తొడిగింది. వంకర ఉన్నచోట రబ్బరు వంగింది. వంగుతూనే తిప్పింది. దీపం కదిలింది.

తీరా చెల్లెలి రేవు దగ్గర పడవ నాచులో చిక్కుకుంది. అది చూసి పైడమ్మ నడుంలోతు నీళ్లలో దిగి నడిచింది. నాచు తప్పించింది. కళ్లన్నీ దీపం మీదే. కాళ్లకి మెట్లు తగిలాకగానీ ఏ ఒడ్డున ఉందో తెలియలేదు.

దీపం చూపించాలని ఇంటివాళ్లు నూకాలుని మంచంతో సహా రేవులోకి మోసుకొచ్చి ఉంచారు.

"ఒట్టేమైందే అక్కా?"

"వంగిందే. విరగలేదులే."



ఇద్దరూ కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆ రేవుల్లో బొమ్మ పడవలు కట్టేవాళ్లు రబ్బరు తొడుగుతూ "పైడమ్మా, పట్టుకో" అంటారు. మాటల్లేని తోబుట్టువుల ఇళ్లకి పోలి పాడ్యమినాడు ఎవరో ఒకరు చిన్న రబ్బరు ముక్క పంపుతారు. అందుకున్నవాళ్లు చెప్పులేసుకుని బయల్దేరతారు.